కొవ్వు కొలిచే యంత్రానికి ఒక దండం

పాఠకులారా, ముందే చెప్పేస్తున్నాను. మనిషి కనిపెట్టిన వస్తువుల్లో కొవ్వు కొలిచే యంత్రాన్ని మించింది లేదు! మీరు చక్రం అంటారు, కరెంటు అంటారు. చక్రం మనల్ని మోస్తుంది, నిజమే. మన లోపల ఏముందో ఏనాడైనా చెప్పిందా? కరెంటు ఫ్యాను తిప్పుతుంది. మన నడుము మడతల సంగతి దానికి పట్టిందా?

నమ్మకం కుదరకపోతే మా కోరుట్లకు రండి. మెయిన్ రోడ్డు మీద నాకో ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపు ఉంది. మా నాన్న సిరిసిల్లలో మగ్గం మీద బట్ట నేసేవాడు. నేను బట్టలా కనిపించే ప్లాస్టిక్ మీద నాయకుల పుట్టినరోజులు, పిల్లల చెవులు కుట్టుడు ఫంక్షన్లు ప్రింట్ చేస్తాను. దీన్నే అభివృద్ధి అంటారు. మా షాపు మీది అంతస్తులో ఓ న్యూట్రిషన్ సెంటర్ ఉంది. పేరు రాయను, వాళ్ళు నా కస్టమర్లు. యంత్రం ఉన్నది అక్కడే.

చూడటానికి బరువు తూచే కాటాలాగే ఉంటుంది. అద్దపు పలక, దాని మీద నాలుగు వెండిరంగు మచ్చలు. చెప్పులు విడిచి ఎక్కాలి. పాదాల గుండా మనకు తెలియనంత చిన్న కరెంటు ఒంట్లోకి పోయి వస్తుంది. నీళ్ళున్న చోట అది పరుగెత్తుతుందట, కొవ్వు అడ్డమొస్తే మొరాయిస్తుందట. పోయి రావడానికి ఎంత తిప్పలు పడిందో చూసి, మన వయసు, ఎత్తు, బరువు కలిపి లెక్క కట్టి, మీలో ఇంత శాతం కొవ్వు ఉందని తెర మీద చూపిస్తుంది. ఊపిరి తీసి వదిలేంతలో జాతకం మొత్తం చేతికొస్తుంది!

ఇది రాకముందు మనం ఎంత చీకట్లో బతికామో తలుచుకుంటే జాలేస్తుంది. మగవాడికి మొలతాడు ఉండేది. బిగుతైతే లావెక్కినట్టు, జారితే చిక్కినట్టు. మా నాన్న దసరాకు కొత్తది కట్టుకునేటప్పుడు పాతదాన్ని దాని పక్కన పట్టి చూసుకునేవాడు. కొత్తది కాస్త పొడుగుంటే "గీ యేడు మగ్గం మంచిగనే నడ్సింది" అని మురిసిపోయేవాడు. ఎంత అమాయకుడో చూడండి! కొవ్వు పెరిగితే కౌన్సెలింగ్‌కు పోవాలని ఆయనకు చెప్పినవాళ్ళే లేరు.

ఆడవాళ్ళకు టైలర్ ఉండేది. మా వీధిలో రేణుక జాకెట్లు కుడుతుంది. "వదినా, పక్కలకు ఒక కుట్టు ఇప్పుదునా?" అని ఒక్క మాట అడిగేది. అంతటితో పరీక్ష పూర్తి, రిపోర్టు పూర్తి, వైద్యం కూడా పూర్తి. ఇందులో సైన్స్ ఏముంది చెప్పండి?

తర్వాత బీఎంఐ వచ్చింది. బరువును ఎత్తుతో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ ఎత్తుతోనే భాగించాలి. పాపం, దానికి కండకూ కొవ్వుకూ తేడా తెలియదు. బస్తాలు మోసే హమాలీ సాయిలు దాని లెక్కలో స్థూలకాయుడు. ఆయన మోసిన బస్తాల మీద కూర్చుని పొద్దంతా ఫోన్ చూసే గుమస్తా నార్మల్.

చర్మాన్ని పట్టుకారులాంటి పరికరంతో పట్టి మందం చూసే పద్ధతి ఇంకొకటి. చెయ్యి వెనక ఒకసారి, పొట్ట పక్కన ఒకసారి, వీపు మీద ఒకసారి. పట్టే చేతికి అనుభవం ఉంటే మంచి పద్ధతేనట. పెళ్ళిళ్ళలో మేనత్తలు మన బుగ్గలు గిల్లింది ప్రేమతో అనుకున్నాను ఇన్నాళ్ళూ. సర్వే అన్నమాట!

మనిషిని నీళ్ళలో ముంచి తూచే పద్ధతీ ఉందట. మిడ్ మానేరు డ్యామ్‌ను పక్కనే పెట్టుకుని మనవాళ్ళు ఆ సెంటర్ ఎందుకు తెరవలేదో నాకు అంతుబట్టదు. హైదరాబాద్‌లో డెక్సా అని మరొకటి. పడుకోబెట్టి ఎక్స్-రేతో ఎముక వేరు, కండ వేరు, కొవ్వు వేరు చేసి చూపిస్తారు. అంత దూరం పోయి పడుకోవాలా? మా మీది అంతస్తులో నిలబడితే చాలదూ!

సెంటర్ నడిపేది నవత. చలాకీ మనిషి. ఓపెనింగ్ ఫ్లెక్స్ మంచి రేటుకు వేశానని నాకూ, నా వాళ్ళకూ ఫ్రీ చెకప్ ఇచ్చింది. మొదట నేనే ఎక్కాను. సాయంత్రం పూట, రెండు మిర్చి బజ్జీలు తిని, ఒక లస్సీ, సీసాడు నీళ్ళు తాగి మరీ ఎక్కాను. నా పొట్ట గురించి పాఠకులకు దాచను. కూర్చుంటే నా ఫోన్ దాని మీద పెట్టుకుని సినిమా చూస్తాను, స్టాండ్ అవసరం రాలేదు.

"ఏం పని జేస్తరు అన్నా?" అని నవత అడిగింది.

"ఫ్లెక్సులు కట్టుడు, స్తంభాలు ఎక్కుడు, దిగుడు" అన్నాను. స్తంభాలు ఎక్కేది నా దగ్గర పనిచేసే దేవదాసే అయినా, కింద నిలబడి పైకి చూసేది నేనే కదా!

"అయితే మీరు అథ్లెట్ల కిందికొస్తరు" అని ఆమె యంత్రం మీద పరుగెత్తే బొమ్మ ఉన్న బటన్ నొక్కింది. ఆ బటన్ నొక్కితే యంత్రం మనిషిని ఆటగాడిగా భావించి కొవ్వు తగ్గించి చూపిస్తుంది. నాకు వచ్చింది పంతొమ్మిది. నార్మల్! ఆ రిపోర్టు లామినేషన్ చేయించి షాపులో తగిలించాను. ఇంత నిజాయితీగల యంత్రాన్ని నా జన్మలో చూడలేదు.

తర్వాత మా బామ్మర్ది రాజమౌళి. సిరిసిల్లలో పవర్‌లూమ్ కార్మికుడు. సాంచాలనే ఆ మరమగ్గాల మధ్య పన్నెండు గంటలు నిలబడి, చెమటంతా బనియన్‌కు ఇచ్చి, చాయ్ మీద చాయ్ తాగి, షిఫ్టు దిగి బస్సెక్కి నేరుగా అక్కను చూడటానికి వచ్చాడు. పక్కకు తిరిగితే కనబడడు. సరదాకు ఎక్కించాం. అతనికి అథ్లెట్ బటన్ దక్కలేదు. యంత్రం ఇరవై ఎనిమిది అంది.

"గీ కట్టెకు కొవ్వు యాడున్నది బావా? నాకు దెల్వకుంట ఎవలన్న దాసిపోయిన్రా?" అన్నాడు.

"లోపల దాగుంటది తమ్మీ. గదే డేంజర్" అంది నవత.

చూశారా! తనకు తెలియని ఆస్తి ఒకటి తన ఒంట్లోనే ఉందని ఒక కార్మికుడికి చెప్పగలిగింది ఈ యంత్రమే. రాజమౌళి మాత్రం నవ్వి, అక్క పెట్టిన అన్నం రెండుసార్లు మారు వడ్డించుకు తిని వెళ్ళిపోయాడు. సైన్స్ మీద గౌరవం లేని కుర్రాడు.

గౌరవం ఉన్న మనిషి మా ఆవిడ ప్రేమలత. నిండు బుగ్గలు, గట్టి మనిషి. ఇంటి పని మొత్తం చేసి, మధ్యాహ్నం షాపుకొచ్చి ఫ్లెక్సులకు అంచులు మడిచి తాడు కట్టే రింగులు కొడుతుంది. ఆమెను యంత్రం ముప్పై నాలుగు అంది.

"అంటే నా ఒంట్ల మూడొంతులల్ల ఒక వంతు కొవ్వేనా?" అని ఆమె మెల్లగా అడిగింది. ఆ అడగడంలో ఏదో తప్పు చేసి దొరికినట్టు ఉంది.

నవత ధైర్యం చెప్పింది. ఒక పౌడర్ డబ్బా ఇచ్చింది. పొద్దున అన్నం బదులు ఒక గ్లాసు, రాత్రి అన్నం బదులు ఒక గ్లాసు. "మళ్ళ సోమవారం పొద్దుగాల పరగడుపున రావాలె వదినా. ఏం ముట్టద్దు" అని గట్టిగా చెప్పి పంపింది.

సోమవారం! మా వైపు సోమవారమంటే వేములవాడ రాజన్న వారం. పెళ్ళయిన నాటి నుంచి ప్రేమలతకు ఆ రోజు ఒక్కపొద్దు. పూజ అయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టదు. అలాంటి మనిషికి పరగడుపున రమ్మంటే ఏమవుతుంది? ఆదివారం పొద్దుగూకాక గొంతులో చుక్క పడనివ్వలేదు. తెల్లవారి లేచి, వాకిలి ఊడ్చి, బట్టలుతికి, నాకు ఇడ్లీలు పెట్టి, చట్నీ నూరి, ఎండ ముదిరాక మెట్లెక్కి యంత్రం మీద నిలబడింది. దేవుడి ముందు ఉన్నంత నిష్ఠగా!

యంత్రం ముప్పై ఆరు అంది.

"కొవ్వు పెరిగింది వదినా. ఏం తింటున్నవ్, నిజం చెప్పు" అంది నవత.

"పొద్దటి సంది నీళ్ళు గూడ ముట్టలే."

"అందరు గట్లనే అంటరు."

ప్రేమలత ఇంకా తగ్గించింది. మధ్యాహ్నం తినే అన్నం రెండు ముద్దలయింది. మరుసటి సోమవారం ముప్పై ఏడు. ఆ రెండు ముద్దలూ ఒకటయ్యాయి. ఆ పై వారం ముప్పై ఎనిమిదిన్నర! తినకుండా కొవ్వు పెరిగే మనిషి ప్రపంచంలో ఎక్కడైనా ఉందా? ఉంటే ఆమె మా ఇంట్లో ఉందని గర్వపడ్డాను. వానలు లేకుండా పంట పండినట్టే కదా! వ్యవసాయ శాఖవాళ్ళు ఈమెను వచ్చి చూడాలి అనుకున్నాను.

లాభాలు ఒకటా రెండా! నెలాఖరైనా బియ్యం బస్తా మిగిలింది. సబ్బు నురగ లేకుండానే ఆమె గాజులు చేతి నుంచి జారి వస్తున్నాయి. బట్టలు ఆరేయడానికి మిద్దె ఎక్కుతూ మధ్య మెట్టు మీద కాసేపు కళ్ళు మూసుకుని కూర్చుంటోంది. ధ్యానం కూడా అలవడిందన్నమాట. పిలిస్తే వెంటనే పలకడం లేదు. కోపం తగ్గిందని సంతోషించాను.

రేణుక మాత్రం ఒకనాడు జాకెట్ కొలత తీస్తూ టేపు వదిలేసింది. "వదినా, మూడు కుట్లు లోపటికి వొయ్యాలె. పాణం మంచిగుంటలేదా?" అంది. చెప్పాను కదా, టైలర్లకు సైన్స్ తెలియదు.

నాలుగో సోమవారం నేనూ వెంట వెళ్ళాను. ఆమె చెప్పులు విడిచి, కొంగు సర్దుకుని, దండం పెట్టుకున్నట్టు తల వంచి యంత్రం ఎక్కింది. ఎక్కినట్టే ఎక్కి పక్కకు ఒరిగిపోయింది. నేను పట్టుకునేలోపే కింద పడింది. తెర మీద అంకె బదులు ఎర్రర్ అని వచ్చింది. అన్ని వారాల్లో అది చూపించిన సరైన రిపోర్టు అదొక్కటే.

నవత నీళ్ళు చల్లుతూ "వదినా, వదినా" అని ఏడుపు గొంతుతో పిలుస్తోంది. దేవదాస్ ఆటో తెచ్చాడు. జగిత్యాల ఆసుపత్రి దాకా ఆమె తల నా ఒళ్ళో ఉంది. ఆ తల ఇంత తేలికైందని నాకు అప్పుడే తెలిసింది. భయపడ్డాను. చాలా భయపడ్డాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ దగ్గర ఏ యంత్రమూ లేదు. కింది రెప్ప లాగి చూసింది. నాలుక చూసింది. చేతి మీది చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలితే అది నిలబడ్డట్టే నిలబడి, తీరుబడిగా దిగింది.

"పొద్దుగాల ఏం తిన్నవమ్మా?"

"ఏం తినలే మేడం."

"రాత్రి?"

"పొద్దుగూకక ముందట గ్లాసుడు పౌడర్ నీళ్ళు."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. నా పొట్ట వైపు కూడా చూసిందని నాకు అనుమానం. "మీరేం తిన్నరు?" అంది.

"ఇడ్లీ మేడం. అటెన్క... ఉప్మా."

"ఎవరు చేసిన్రు?"

నేను మాట మార్చాను. యంత్రం సంగతి చెబితే డాక్టరమ్మ తల పట్టుకుంది. "ఒంట్ల నీళ్ళు తగ్గితే అది కొవ్వు ఎక్కువ చూపిస్తది. ఉపాసముంటే కండ కరుగుతది, అప్పుడు గూడ కొవ్వు శాతం పెరిగినట్టే కనబడ్తది. ఈమెకు కావాల్సింది కొవ్వు తగ్గుడు కాదు, అన్నం. రక్తం కూడా తక్కువుంది" అని సెలైన్ పెట్టించింది.

ఒకటి కాదు, రెండు బాటిళ్ళు ఎక్కాయి. ప్రేమలత మొహంలోకి రంగు తిరిగొచ్చింది. రాత్రి పెరుగన్నం తిని పడుకుంది.

మర్నాడు పౌడర్ డబ్బా వాపసు ఇద్దామని ఇద్దరం సెంటర్‌కు పోయాం. నవత ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని, "భయపెట్టినవ్ వదినా!" అంది. నిజంగానే భయపడింది, అబద్ధమాడను. అయితే వ్యాపారం వ్యాపారమే. "ఒక్కసారి ఎక్కు వదినా, సూద్దాం" అంది. ఎక్కించింది.

ముప్పై రెండు!

రాత్రికి రాత్రి ఆరున్నర శాతం కొవ్వు మాయం! రెండు బాటిళ్ళ ఉప్పు నీళ్ళతో! నవత ఎగిరి గంతేసింది. "సూసిన్రా, మన ప్రోగ్రాం పని జేసింది!" అని అక్కడికక్కడే ప్రేమలతను గోడకు నిలబెట్టి ఫోటో తీసింది. చేతి మీద సెలైన్ సూది పట్టీ ఇంకా అలాగే ఉంది. "అన్నా, పెద్ద ఫ్లెక్స్ వెయ్యాలె. ముందు, తర్వాత. బస్టాండ్ కాడ కడుదాం" అంది.

"ముందు" కోసం పాత ఫోటో కావాలి. గొల్లపల్లిలో మా వదిన కొడుకు పెళ్ళిలో తీసినదొకటి ఉంది. నోటినిండా లడ్డు పెట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతున్న ప్రేమలత. నిండు బుగ్గలు, నిండు చేతులు.

రెండు ఫోటోలూ కంప్యూటర్ మీద పక్కపక్కన పెట్టాను. పాఠకులారా, ఇన్నేళ్ళలో ఇలాంటి ఫ్లెక్సులు ఎన్ని వేశానో లెక్కలేదు. జుట్టు నూనెవైనా, మొటిమల మందువైనా పద్ధతి ఒకటే. వాడిపోయిన మొహం ఎడమవైపు, ముందు. నిగనిగలాడే మొహం కుడివైపు, తర్వాత. ఇంకో రకంగా వేయమని ఏ కస్టమరూ ఏనాడూ అడగలేదు. నేను వృత్తి ధర్మం పాటించాను. సెలైన్ పట్టీ మొహం ఎడమవైపు పెట్టాను, లడ్డు మొహం కుడివైపు పెట్టాను. పొద్దున్నే దేవదాస్ స్తంభమెక్కి కట్టేశాడు.

పదకొండు కాకముందే నవత ఫోన్. "అన్నా, ఏం పని జేసినవ్! ఫోటోలు ఉల్టా పెట్టినవ్! మీదికి రా, జల్ది రా!"

ప్రేమలత రింగులు కొడుతోంది. సుత్తి పక్కన పెట్టి, "నేను గూడ అస్త" అంది. మెట్ల మీద కాలు పెట్టడానికి చోటు లేదు. అంతా ఆడవాళ్ళే. బీడీలు చేసేవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు. అందరి మెడ ఎముకలూ కనబడుతున్నాయి. అందరికంటే ముందు మొగిలవ్వ, మా వెనక వీధిలో బీడీలు చుట్టే ముసలామె. ఒడిలో చేట పెట్టుకుని పొద్దంతా కూర్చునే మనిషి లేచి ఇక్కడిదాకా వచ్చింది.

"గా బస్టాండ్ కాడి ఫోటోల బిడ్డ లెక్క గావాల్నంటె ఎన్ని దినాలు తాగాలె?" అని నవతను అడుగుతోంది. "నాకు గాదు, మా కోడలుకు. ఎంత జేసినా ఒంటికి వడ్తలేదు."

నవత నోరు తెరిచింది. సన్నగా చేసే సెంటర్ ఇది, లావు చేసేది కాదని చెబుతుందేమోనని చూశాను. క్యూ వైపు ఒకసారి చూసింది. షెల్ఫు వైపు తిరిగింది. ప్రేమలతకు ఇచ్చిన డబ్బాలాంటిదే, అదే రంగు, అదే మూత, ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

"డబ్బ ఇదే అవ్వా. సన్నగ గావాల్నంటె అన్నం బదులు తాగాలె. లావు గావాల్నంటె అన్నం తిన్నంక తాగాలె."

ఎంత గొప్ప శాస్త్రం! రెండు రోగాలకూ ఒకే మందు! నేను దండం పెట్టబోతున్నాను. ఇంతలో ప్రేమలత ముందుకొచ్చి మొగిలవ్వ చెయ్యి పట్టుకుంది.

"అన్నం తిన్నంక అన్నదాక మంచిగనే చెప్పింది అవ్వా. గా డబ్బ ఆడనే వెట్టు. మీ కోడలును గూడ పిలువు, మా ఇంట్ల తిందాం పా."

మొగిలవ్వ డబ్బాను ఒకసారి చూసింది, ప్రేమలతను చూసింది. "నువ్వేనా బిడ్డా గా ఫోటోల ఉన్నది! గిట్ల అయినవేంది?" అంది. ఇద్దరూ మెట్లు దిగారు. నేనూ దిగాను.

ఇంట్లో ప్రేమలత పీట వేసుకుని కూర్చుంది. మొగిలవ్వ, కోడలు చెరో పక్క. మూడు పళ్ళాల్లో అన్నం, పప్పు. మా ఇంట్లో నాకంటే ముందు ఆమె పళ్ళెం ముందు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ముద్ద కలుపుతూ తలెత్తకుండానే అంది, "జర మామిడికాయ తొక్కు అందియ్యున్రి."

పచ్చడి కోసం వంటింట్లోకి పోయాను. పై అర వెతికాను, కింది అర వెతికాను. పసుపు డబ్బా దొరికింది, చింతపండు దొరికింది. ఇరవై రెండేళ్ళ కాపురం. తొక్కు జాడీ ఎక్కడ ఉంటుందో నాకు తెలియదు.